చివర తీసిన మొదటి వారం

కిందటి వారం మనం ఆసుపత్రి వరండాలో ఆగిపోయాం. అమ్మ మంచం దిగబోయి దిగలేకపోయింది, నోట్లో మాట ముద్దగా వచ్చింది, అన్నయ్య రెండు చేతులా ఎత్తుకుని కార్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. స్కాన్ తీశారు. నరాల డాక్టరు మా ముగ్గురినీ, అంటే అన్నయ్యనీ వదిననీ నన్నూ, గోడ వారకి పిలిచి తలలో రక్తం చేరిందని చెప్పాడు. ఒక్కసారిగా చేరింది కాదట. పొరలు పొరలుగా ఉందట. అడుగున ఉన్న పొర మూడు వారాల నాటిదట.

"ఆవిడ ఎక్కడైనా పడ్డారా? తలకి దెబ్బ తగిలిందా?"

లేదన్నాం. అందరికంటే ముందు అన్నయ్య అన్నాడు.

"సరే, చెయ్యి బలం తగ్గడం ఎప్పుడు మొదలైంది? రోజూ చూసేవాళ్ళకి తెలియకుండా ఉండదు. రేపు సాయంత్రం ఆపరేషన్ చేద్దామనుకుంటున్నాను. ఎంత వేగంగా దిగజారిందో తెలిస్తే అందాకా ఆగొచ్చో ఆగకూడదో నాకు అర్థమవుతుంది. బాగా గుర్తు చేసుకుని చెప్పండి. ముందు పడిపోయింది ఏ చెయ్యి?"

వదిన తన కుడిచెయ్యి ఎత్తి చూపిస్తూ "ఎడమ" అంది. డాక్టరు ఆ చేతిని చూశాడు, ఆమె మొహాన్ని చూశాడు. కెమెరా ముందు నిలబడి వ్యాయామం నేర్పేవాళ్ళకి ఇదొక జబ్బు. తను కుడి ఎత్తితే చూసేవాళ్ళు అద్దంలోలాగా ఎడమ ఎత్తుతారు కాబట్టి నోటితో ఎప్పుడూ వాళ్ళ వైపే చెప్పాలి. పదేళ్ళుగా చెప్పీ చెప్పీ వదినకి ఇంట్లో కూడా అదే అలవాటైంది. ఉప్పుడబ్బా ఎడమ పక్కనుంది అంటే మేం నేరుగా కుడి పక్కన వెతుక్కుంటాం. దాని మీద అమ్మ ఎన్ని వేళాకోళాలు ఆడేదో. ఆ వరండాలో ఎవరం నవ్వలేదు. "కుడి" అని నేనే దిద్దాను. ఎప్పటినుంచో మాత్రం ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేను ఎడిటింగ్ గదిలో కూర్చుని ఉన్నాను. తల్లి ఆసుపత్రిలో ఉంటే దీనికి ఇక్కడేం పని అని మీకు అనిపించవచ్చు. అమ్మ దగ్గర ఒక్కరినే ఉండనిస్తున్నారు, అన్నయ్య ఉన్నాడు. మేం తీసిన వ్యాయామ పాఠంలో మొదటి వారం వీడియో, దాన్ని తియ్యమన్న కంపెనీకి ఆ రోజు నాలుగింటికల్లా అందాలి. ఇంట్లో కూర్చుని గోడల్ని చూడడం కంటే తెరని చూడడం నయమనుకున్నాను.

అది గది అనడానికి లేదు. అద్దాల హాలు పక్కన, రబ్బరు చాపలు చుట్టి నిలబెట్టుకునే కొట్టు. కిటికీకి నల్లగుడ్డ కొట్టి ఉంటుంది. లోపల ఎప్పుడూ చాపల వాసన, ఎండిన చెమట వాసన. మా నలుగురి బతుకూ ఆ హాల్లోనే. వదిన ముందు నిలబడి నేర్పుతుంది. అన్నయ్య కెమెరా పడతాడు. నేను ఏ షాట్ బాగా వచ్చిందో కాగితం మీద రాసుకుని, తర్వాత వాటిని కలిపి వీడియో చేస్తాను. అమ్మ వెనక వరసలో కుర్చీ మీద కూర్చుంటుంది. "కష్టంగా ఉన్నవాళ్ళు మా అత్తయ్యని చూసి చెయ్యండి" అని వదిన అనగానే అదే వ్యాయామాన్ని తేలిక చేసి చూపిస్తుంది. జనం ఆవిడకి కుర్చీ అత్తయ్య అని పేరు పెట్టేశారు.

"నన్ను చూసి వాళ్ళు చేస్తారు, సరే. నేనెవర్ని చూసి చెయ్యాలే అమ్మాయ్?" అనేది అమ్మ వదినతో.

"నన్ను చూసి చెయ్యండి అత్తయ్యా."

"నీకు కుడేదో ఎడమేదో తెలిస్తే కదా!"

ఈసారి తీసింది పన్నెండు వారాల పాఠం. మొదటి వారం ఏమీ రాని మనిషి పన్నెండో వారానికి ఎలా మారుతుందో చూపించాలి. ఆ మనిషి అమ్మ. అయితే షూటింగుకి మాకు దొరికింది వరసగా నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో పన్నెండు వారాలు తియ్యడానికి ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక ఉపాయం ఉంది. వెనక నుంచి తీసుకొస్తారు. మొదటి రోజు అందరి ఒంట్లోనూ సత్తువ ఉంటుంది కాబట్టి పన్నెండు, పదకొండు, పదో వారాలు అప్పుడే తీసేస్తారు. నాలుగో రోజుకి కాళ్ళు పీకుతుంటాయి, మొహాలు వాడిపోతాయి. అప్పుడు మొదటి వారం తీస్తారు. ఏమీ రానట్టు కనిపించడానికి పెద్దగా నటించనక్కర్లేదు. తర్వాత నాలాంటిది కూర్చుని వాటిని తిరగేసి వరస పెడుతుంది. చూసేవాళ్ళకి మనిషి వారం వారం బాగుపడుతున్నట్టే ఉంటుంది.

తెర మీద మొదటి వారం ఆడుతోంది. వదిన రెండు చేతులూ పైకెత్తింది. వెనక అమ్మ ఎడమచెయ్యి పైకి లేచింది. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి, అక్కడ వణికి, ఒళ్ళో పడింది. ఆ షాట్ నేను అప్పటికి ఇరవైసార్లు చూసి ఉంటాను. చూసిన ప్రతిసారీ నవ్వొచ్చేది. ఎంత బాగా చేసిందో చూడు, సినిమాల్లోకి పోవలసింది, అనుకునేదాన్ని.

ఎంత వేగంగా దిగజారిందో తెలిస్తే, అన్నాడు డాక్టరు.

వీడియో ఆపాను. ఫైళ్ళన్నీ వారాల వరస నుంచి తీసేసి, తీసిన వరసలో పెట్టాను. ఇన్ని రోజుల్లో నేనెప్పుడూ వాటిని ఆ వరసలో చూడలేదు. చూడవలసిన అవసరం రాలేదు.

మొదటి రోజు అమ్మ రెండు చేతులూ తల మీదకి లేచి అరచేతులు కలిశాయి. మధ్యాహ్నానికి కలవడం లేదు, కుడిచెయ్యి బెత్తెడు కిందే ఉంది. రెండో రోజు మోచెయ్యి వంగిపోయింది. మూడో రోజు పొద్దున కాళ్ళు మార్చి మార్చి ఎత్తమంటే కుడి బూటు నేలని గీసుకుంటూ వచ్చింది. ఆ గీత హాల్లో ఇప్పటికీ ఉంది. ఎవరో చాప ఈడ్చారని మేం అనుకున్నాం. నాలుగో రోజు చెయ్యి భుజం దాటనేలేదు, నవ్వితే పెదవి ఒక పక్కకే వెళ్ళింది. ఆ తర్వాత ఆరు రోజులూ ఎక్కువగా పడుకునే ఉంటే షూటింగు అలసట అనుకున్నాం.

నాలుగు రోజుల్లో మా అమ్మ మా కళ్ళ ముందే కుర్చీలో కూలిపోయింది. మేం చప్పట్లు కొట్టాం.

షాట్లు రాసుకున్న కాగితాలు సొరుగులో ఉన్నాయి. నాలుగో రోజు కాగితం తీశాను. నా చేతిరాతే. "అమ్మ చాలా సహజంగా చేసింది. ఇదే ఉంచాలి." దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

వదిన పదకొండింటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మందుల చీటీల సంచి చేతిలోనే ఉంది.

"అయిందా? పంపించేశావా?"

"ఇంకా లేదు. అమ్మ ఎలా ఉంది?"

"అలాగే. కళ్ళు మూసుకునే ఉంది. డాక్టరు ఇంకా రాలేదు. ముందు ఆ పని కానిచ్చెయ్యి, ఇద్దరం వెళ్దాం. కంపెనీ ఆయన పొద్దున్నుంచి రెండుసార్లు ఫోను చేశాడు."

"కూర్చో వదినా. ఒకటి చూడు."

ఆమె చాపల చుట్ట మీద కూర్చుంది. నేను నాలుగు రోజులూ వరసగా వేశాను. పాట తీసేశాను. పాట లేకపోతే వ్యాయామం వీడియో ఎంత దిగులుగా ఉంటుందో తీసేవాళ్ళకే తెలుసు. బూట్ల చప్పుడు, ఊపిరి చప్పుడు, అంతే. మూడో రోజు దగ్గరికి వచ్చేసరికి వదిన చేతిలో సంచి కింద పెట్టింది. నాలుగో రోజు అయ్యాక తెర దగ్గరికి వంగింది.

"ఇది... నటన కాదా?"

"నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు! ఏమీ రానట్టు చెయ్యండి అత్తయ్యా అన్నాను. చేసిందనుకున్నాను. నువ్వూ అక్కడే ఉన్నావు కదా. బ్రహ్మాండం అన్నది ఎవరు? కాగితం మీద గీతలు గీసి మరీ రాసింది ఎవరు?"

"నేనే. కాదనడం లేదు. నేను గుడ్డిదాన్ని. నీ సంగతి అడుగుతున్నాను."

"అంటే? తెలిసి తెలిసి కూర్చోబెట్టాననా నీ ఉద్దేశం? తెలిస్తే ఆపనా? ఆవిడ నీకు తల్లైతే నాకు మాత్రం ఎవరు? పద్దెనిమిదేళ్ళుగా ఒక కంచంలో తిన్నట్టు బతికాం."

నేను ఇంకో ఫైలు తీశాను. షూటింగులో వదిన జాకెట్టుకి చిన్న మైకు ఉంటుంది. షాట్ అయిపోయినా దాన్ని ఎవరూ ఆపరు. మధ్యలో మాట్లాడుకునేదంతా అందులో పడుతుంది, ఎవరూ వినరు, నేను కోసి పారేస్తాను. ఆ పొద్దున మొదటిసారి కోసిన ముక్కలు విన్నాను.

రెండో రోజు, భోజనాల ముందు. అమ్మ గొంతు, దగ్గరగా. "అమ్మాయ్, ఈ చెయ్యి నాది కానట్టుందే. గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీడం లేదు."

"నీరసం అత్తయ్యా. ఇంకా రెండు రోజులే. కాస్త ఓర్చుకోండి."

"ఓర్చుకుంటాలే. పిల్లకి చెప్పకు. అది ఉత్త కంగారు మనిషి, అన్నీ ఆపి కూర్చుంటుంది."

"చెప్పను."

పిల్ల అంటే నేను. నాకు నలభై రెండేళ్ళు.

వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు తీసినప్పుడు మొహం మట్టిబొమ్మలా ఉంది.

"ఇంకోసారి వెయ్యి."

"ఎందుకు వదినా?"

"వెయ్యవే."

మళ్ళీ వేశాను. "చెప్పను" అన్న దగ్గర ఆమె పెదవులు కూడా కదిలాయి.

"నీరసమనే అనుకున్నాను. ఒట్టు. ఆ రోజు అలాగే అనుకున్నాను. మూడో రోజు బూటు ఈడుస్తుంటే మాత్రం గుండె జారింది. అయినా అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్పేస్తుందని భయం."

"నిజం చెప్తే ఏమయ్యేది? షూటింగ్ ఆగేది. అంతేగా?"

"అంతేనా?" వదిన లేచి నిలబడింది. లేవడానికి మోకాలి మీద చెయ్యి వేసుకుంది, ఈ మధ్య అన్నిసార్లూ వేసుకుంటోంది. "నీకు తెలీదు, మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఈ పాఠం గురించి మాట్లాడడానికి వెళ్ళినప్పుడు కంపెనీ ఆయన నా మొహం మీదే అన్నాడు. మీరు పాతబడిపోయారండీ, జనం మీ అత్తగారిని చూడ్డానికి వస్తున్నారు, ఆవిడ ఉంటేనే తీద్దాం అని. నేను పదేళ్ళు దూకాను, ఎగిరాను, మోకాళ్ళు అరగదీసుకున్నాను. చివరికి కుర్చీలో కూర్చున్న మనిషి చాలింది వాళ్ళకి. అత్తయ్య లేకపోతే నేను లేను. అందుకని అడగలేదు. చాలా? ఇంకేమైనా వినాలా?"

నాకు తిట్టడానికి నోట్లో చాలా ఉన్నాయి. బదులుగా ఫోను తీసి ఆమె చేతికిచ్చాను.

ఐదు రోజుల కిందట నేనొక చిన్న ముక్క తయారుచేసి జనంలోకి వదిలాను. తెరలో సగం మొదటి వారం అమ్మ, సగం పన్నెండో వారం అమ్మ. ఒక పక్క చెయ్యి లేవడం లేదు, ఇంకో పక్క రెండు చేతులూ తల మీద కలిశాయి. దాని కింద వందలకొద్దీ మాటలు. వాటిలో ఒకటి వదిన పైకి చదివింది.

"మా నాన్నకి పక్షవాతం వచ్చింది. డాక్టర్లు ఇంకేమీ చెయ్యలేమన్నారు. కుర్చీ అత్తయ్యని చూశాక ఆయన కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఎన్నో వారానికి చెయ్యి లేస్తుందో దయచేసి చెప్పండి."

చదివి ఫోను బోర్లించింది.

"ఏం చెప్తాం వదినా ఆయనకి? నాలుగు రోజులు వెనక్కి నడవమని చెప్పమంటావా?"

అంతలో వదిన ఫోను మోగింది, కంపెనీ ఆయనే. నేను చూస్తున్నాను. ఆమె ఎత్తింది.

"లేదండీ, పంపడం లేదు. నాలుగింటికి కాదు, ఇంకెప్పటికీ కాదు... ఆలస్యం కాదండీ, ఇవ్వను అంటున్నాను... అవునండీ, పాతబడిపోయాను. మీరే చెప్పారు కదా." పెట్టేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వా ముక్క తీసెయ్. ఈ నాలుగు రోజులవీ ఇదే వరసలో ల్యాప్‌టాప్‌లో పెట్టు, మైకులో పడింది కూడా. డాక్టరుకి చూపిద్దాం. నేనే చూపిస్తాను, నా గొంతు కూడా ఆయన వినాలి."

ఆ క్షణంలో ఆమె మీద నాకు కోపం పోయిందని చెప్పలేను. ఇద్దరం ఒకే గోతిలో ఉన్నాం, అది మాత్రం తెలిసింది. జనంలోకి వదిలిన ముక్క తీసేశాను. ఫైళ్ళు ఎక్కుతుంటే వదిన హాల్లోకి వెళ్ళింది. షూటింగులో కెమెరా కనబడకుండా అద్దాల మీద కప్పిన నల్లగుడ్డలు ఇంకా తియ్యలేదు. మధ్యలో తెల్లరంగు వేసిన కుర్చీ. అమ్మ ఈ హాల్లో ఎప్పుడూ ఆ కర్రకుర్చీలోనే కూర్చునేది. ఇన్నేళ్ళూ ముదురు గోధుమరంగులో ఉండేది. ఈసారి షూటింగుకి ముందు అన్నయ్యే దానికి తెల్లరంగు వేశాడు, వెలుగులో బాగుంటుందని.

"మూడు వారాలన్నాడు కదా డాక్టరు," అంది వదిన అక్కణ్ణుంచే. "మనం షూటింగ్ మొదలుపెట్టి పది రోజులే అయింది. అంటే దెబ్బ అంతకుముందే తగిలి ఉండాలి. ఎక్కడ తగిలింది మరి? ఇంట్లో పడితే నాకు తెలీదా?"

అని, అలసిపోయిన మనిషిలా, అమ్మ కుర్చీలో కూలబడింది.

కుర్చీ కిర్రుమని కుడి పక్కకి ఒరిగింది. వదిన పడబోయి అద్దం గుడ్డ పట్టుకుంది.

నేను పరిగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెనక కాలు దగ్గర తెల్లరంగు పెచ్చు లేచింది. గోటితో గీశాను. రంగు కింద కర్ర లేదు. టేపు ఉంది. అన్నయ్య లైటు తీగల్ని నేలకి అంటించడానికి వాడే వెడల్పాటి బూడిదరంగు టేపు. అది ఆయన సంచిలో తప్ప ఇంకెక్కడా ఉండదు. చుట్టూ ఏడెనిమిది చుట్లు. విప్పుకుంటూ వెళ్ళాను. కాలు నిలువునా చీలి ఉంది. చీలిక లోపల ఒక తెల్లవెంట్రుక ఇరుక్కుని ఉంది, పొడుగ్గా.

వదిన దాన్ని చూసింది, నేనూ చూశాను. ఇద్దరికీ ఒకే రోజు గుర్తొచ్చి ఉండాలి. షూటింగుకి పది పదకొండు రోజుల ముందు లైట్లు సరిచూసుకోవడానికి అన్నయ్య హాలుకి వచ్చాడు. కుర్చీలో మనిషి ఉంటే గానీ వెలుగు ఎలా పడుతుందో తెలియదని అమ్మని వెంట తీసుకొచ్చాడు. వాళ్ళిద్దరే వచ్చారు. ఆ మర్నాడే కుర్చీకి రంగు వేశాడు.

"రంగు ఎందుకండీ అని నేనడిగితే..." అంది వదిన, అని ఆగిపోయింది.

నా ఫోను మోగింది. అన్నయ్య. గొంతులో తొందర.

"ఎక్కడున్నారే మీరు? డాక్టరు వచ్చాడు. అమ్మ ఎప్పుడైనా పడిందా అని మళ్ళీ అదే అడిగాడు, కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. పడలేదని రాసి సంతకం పెట్టాను. అయితే తొందరేమీ లేదు, ఆపరేషన్ ఇవాళ వద్దు, రేపటికి పెట్టుకుందాం అంటున్నాడు. వింటున్నావా?"

వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అన్నయ్యా," అన్నాను. "కుర్చీ కాలు ఎప్పుడు విరిగింది?"

అవతల ఆసుపత్రి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. చక్రాల మంచం ఒకటి దూరంగా వెళ్ళిపోయింది. ఎవరో ఎవర్నో పిలిచారు. నేను ఇంకోసారి అడగబోయేలోగా ఫోను ఆయన చేతిలోంచి ఇంకెవరి చేతిలోకో మారింది.

"మీరు కూతురా?" అన్నాడు డాక్టరు. "ఈయనేమిటండీ, ఉన్నపళాన నేల మీద కూర్చుండిపోయారు? ఇందాక సంతకం పెట్టిన కాగితం చింపేస్తున్నారు?"